నిద్ర బాకీ కోపంగా బయటపడితే

ప్రశ్న: మా ఆయన బస్సు డ్రైవరు. వరుసగా హైదరాబాద్ నైట్ సర్వీసులు పడుతున్నాయి. పొద్దున వచ్చి పడుకుంటారు, పదింటికల్లా పిల్లల గోలకీ ఫోన్లకీ లేచి కూర్చుంటారు. ఈమధ్య చిన్నమాటకే కస్సుమంటున్నారు, ప్రయాణికులతోనూ గొడవలట. ఇరవై ఏళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు, నాకేం కాదంటారు. నాకేమో ఒకటే టెన్షన్. ధ్యానం నేర్పిస్తే మంచిదా? – ఒక సోదరి, కరీంనగర్ జిల్లా

జవాబు: ధ్యానం సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఆయన్ని నిద్రపోనివ్వండి. మీకు కోపంలా కనిపిస్తున్నది చాలావరకు నిద్ర బాకీయే కావచ్చు. ఏకధాటిగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. మన చట్టం ప్రకారం 30 దాటితేనే కేసు! గొట్టంలో ఊదిస్తే మందు దొరుకుతుంది గానీ నిద్రమత్తు దొరకదు కదా.

రాత్రి 2 నుంచి 5 మధ్య ఒళ్లు దానంతటదే నిద్రకు లాగుతుంది. ఒక్కోసారి కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం మూడు సెకన్లు ఆగిపోతుంది, 80 స్పీడులో ఆ మూడు సెకన్లకే బస్సు 66 మీటర్లు పోతుంది. ఇరవై ఏళ్లలో ఆయన చేయి తిరిగింది స్టీరింగు మీద, నిద్రను ఆపడంలో కాదు. ఇక గొడవల సంగతి. ‘ఇంకెంతసేపు తోలతావ్’ అన్న ప్రయాణికుడు దిగిపోయినా ఆ మాట డ్రైవరు బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, ఆ కసిలో లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు చాలని జాగా కూడా చాలుతుందనిపిస్తుంది.

పగలు గది చీకటి చేసి ఫోన్ మీరు తీసుకోండి. డ్యూటీకి ముందు ఇంకో గంటన్నర పడుకోమనండి. బస్సు కదిలాక, ఎంత టెన్షన్‌గా ఉన్నా, మీరు ఫోన్ చేయొద్దు. కళ్లు బరువెక్కితే కిటికీ తీయడం, పాటలు పెట్టడం కాసేపటి ముచ్చటే. టీ తాగి ఇరవై నిమిషాలు కునుకు తీస్తే పనిచేస్తుంది, కానీ షెడ్యూలూ ప్రయాణికులూ ఒప్పుకోవాలిగా! అందుకే ఇది ఆయన ఒక్కరి ఓర్పుతో తేలేది కాదు. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి ఉండాలని 1961 లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. వరుస నైట్లు తగ్గించమని డిపోలో గట్టిగానే అడగమనండి.

మరొకటి, గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటున్నారేమో గమనించండి. అలా ఉంటే ఛాతీ డాక్టరుకు చూపించి స్లీప్ టెస్ట్ చేయించండి, ఎంత పడుకున్నా నిద్ర చాలకపోవడానికి అదే కారణం కావచ్చు.