మీటరు ముల్లు పీకే ముందు గుర్తు పెట్టుకో తమ్ముడూ

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. మాది ఆమదాలవలస. అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి వచ్చి ఏడు నెలలయింది. 2004 మోడల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రాత్రిళ్ళు మీటరు బోర్డు సరిగ్గా కనపడటం లేదు. తెల్ల డయల్, కొత్త ముళ్ళు ఉన్న కిట్టు 60 డాలర్లకి వస్తోంది. మైళ్ళ బదులు కిలోమీటర్లు కూడా పెట్టుకోవచ్చట. నేనే బిగించుకోవచ్చా?

జవాబు: బిగించుకోవచ్చు. నేనూ బిగించుకున్నాను. ఎంత వదిలిందో విను.

సెలవుకి వచ్చి విజయనగరంలో మా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. 2006లో మీ ఒహాయోలోనే కొలంబస్‌లో దిగినప్పుడు డాలరు 45 రూపాయల చిల్లర. మా నాన్న బడిపంతులు. కాఫీ తాగినా 45తో గుణించేవాణ్ణి. ఇప్పుడు అలా గుణించనవసరం లేదు గానీ అలవాటు పోలేదు, మా ఆవిడ నవ్వుతుంది. అలాంటివాణ్ణి పాత కారుకి తెల్ల డయల్ కోసం 40 డాలర్లు పెట్టానంటే నీ వయసులో నాకూ ఎంత సోకో చూడు.

మీ తరానికి వీడియోలున్నాయి. మాకేటి ఉన్నాయి? స్క్రూడ్రైవరు పెట్టి ముళ్ళన్నీ టపటపా పీకేశాను. తిరిగి పెట్టేటప్పుడు పెట్రోలు ముల్లు ఎక్కడ ఉండేదో గుర్తు లేదు. ట్యాంకులో పావు వంతు ఉంటుందిలే అనుకుని, పావు గీత మీద పెట్టి వేలితో నొక్కేశాను. నిజానికి అడుగునే ఉందిట. జనవరి రాత్రి, ఇంటర్‌స్టేట్ 71 హైవే మీద సిన్సినాటి నుంచి వస్తున్నాను. ముల్లు పావు దగ్గర నిమ్మళంగా ఉంది. కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మంచులో నలభై నిమిషాలు. టో ట్రక్కు అతను డబ్బా పెట్రోలు పోసి 95 డాలర్లు పుచ్చుకున్నాడు. అంటే 4,275 రూపాయలు. ఆ నెల ఇంటికి అంత తక్కువ పంపాను. బ్యాంకు వాళ్ళేదో కోసుకున్నారని నాన్నతో ఫోన్లో అబద్ధమాడాను. ఆ అబద్ధం ఇప్పటికీ విప్పలేదు.

అక్కడితో అయితే బాగుణ్ణు. మూడు నెలలకి పోలీసు ఆపాడు. 65 లిమిట్ ఉన్న చోట నా మీటరు 70 చూపించింది, అతని రాడార్ 74 చూపించింది. జరిమానా ఒకెత్తు, ఆనక ఇన్సూరెన్సు పెరగడం ఒకెత్తు. తప్పు నేను పెట్టిన స్పీడు ముల్లుదేనని దాన్ని ఇంకో రెండుసార్లు పీకి పెట్టాను. సున్నా దగ్గర సరిపోతే 60 దగ్గర తేడా, 60 దగ్గర సరిచేస్తే 30 దగ్గర తేడా. డయల్ మీద గీతలు పడ్డాయి, తెల్లదనం కాస్తా మసకబారింది.

2008లో ఇంటికొచ్చినప్పుడు గంటస్తంభం అవతల స్కూటర్ల మీటర్లు బాగుచేసే మేస్త్రి దగ్గర కూర్చుని నా గొప్పలు చెప్పుకున్నాను. ఆయన బీడీ ఆర్పి, ‘ముల్లుదేటి తప్పు బాబూ, సక్రం సూసేవా?’ అన్నాడు. అమెరికా మొహం చూడని మనిషి! తిరిగి వెళ్ళి చూద్దును కదా, కంపెనీ టైరు 205/55 ఆర్ 16. అంతకు ముందు ఓనరు చవగ్గా దొరికాయని 205/65 వేయించాడు. ఆ 55, 65 అనేవి టైరు వెడల్పులో గోడ ఎత్తు నూటికి ఎంతో చెప్పే అంకెలు. చక్రం అడ్డకొలత 63 సెంటీమీటర్ల నుంచి 67కి పెరిగింది. అంటే ఒక్కో చుట్టుకి కారు నూటికి ఆరున్నర వంతు ఎక్కువ దూరం పోతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లని, దూరాన్ని కాదు. కారు తిరిగిన మైళ్ళు చూపే ఓడోమీటరు కూడా అంతే తక్కువ చూపిస్తుంది.

కాబట్టి నువ్వు కిట్టు కొనే ముందు టైరు అంచు మీది అంకె, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీది అంకె కలిసాయా లేదా చూడు. తరవాత ఖాళీ హైవే మీద క్రూజ్ కంట్రోల్ (స్పీడు ఒకేలా నిలిపే మీట) 60లో పెట్టి, పక్కన కూర్చున్నవాడి చేత ఒక మైలు బోర్డు నుంచి ఇంకో బోర్డుకి సెకన్లు లెక్కపెట్టించు. 60 సెకన్లు రావాలి. నాకు 56 వచ్చాయి. ఫోనులో జీపీఎస్ చూసినా సరే. స్టీరింగు కింద సాకెట్టులో పెట్టి కారు కంప్యూటర్ని చదివే ఓబీడీ స్కానరు మాత్రం టైరు తప్పు పట్టుకోదు, అదీ ఆ చక్రం చుట్లనే చదువుతుంది. ఇంజను వేడికీ ఆర్‌పీఎమ్‌కీ (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లకీ) అది బాగా పనికొస్తుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ ఆ సాకెట్టు ఉంది. 20 డాలర్ల స్కానరు చాలు, ఖరీదైనది కొనకు.

ముల్లు పీకడం మేస్త్రి నేర్పిన పద్ధతిలో చెయ్యి. కారు ఆపి, తాళం ఆన్‌లో పెట్టి ముళ్ళన్నీ ఎక్కడున్నాయో ఫొటో తియ్యి. పాత రకం స్పీడు ముల్లు కింద చిన్న అడ్డు పుల్ల ఉంటుంది. ముల్లుని మెల్లగా ఎత్తి దాని మీంచి దాటిస్తే, అది పుల్లకి దిగువన తన అసలు చోట ఆగుతుంది. అక్కడ కాగితం టేపు మీద గీత గియ్యి. బ్యాటరీ మైనస్ విప్పాక మెత్తటి గుడ్డ పరిచి, రెండు చెంచాలు అటూ ఇటూ పెట్టి సమానంగా పైకి లేపు. తిరిగి పెట్టేటప్పుడు గీతకి కలిపి, పూర్తిగా నొక్కకుండా వదులుగా ఉంచు. జీపీఎస్‌తో సరిచూసుకున్నాకే నొక్కు. పెట్రోలు ముల్లుకైతే ముందు ట్యాంకు నిండా పోయించు, తాళం ఆన్‌లో ఉంచి ఎఫ్ మీద పెట్టు. పావు, సగం అని నాలాగా ఊహించకు.

కిలోమీటర్ల మాట మర్చిపో. నీ డయల్ లోపలి వరసలో చిన్న అంకెలు ఇప్పటికే ఉండి ఉంటాయి. రోడ్డు మీద బోర్డులన్నీ మైళ్ళలోనే. 55 బోర్డు చూసి 55 కిలోమీటర్ల మీద పోయావంటే నీ స్పీడు 34 మైళ్ళు. వెనక హారన్ల మోతకి నీకు ఊళ్ళో జాతర గుర్తొస్తుంది.

పాత కార్ల యార్డు నుంచి మొత్తం బోర్డు తెచ్చి పెడదామనుకుంటే మటుకు ఆగు. వేరే కారు మైళ్ళు నీ కారు మీద కూర్చుంటాయి. రీడింగు తగ్గించడం ఫెడరల్ నేరం, 1972 నుంచీ ఉన్న చట్టం. సరైన అంకె పెట్టడం కుదరకపోతే సున్నా చేసి, పాత రీడింగూ తేదీ రాసిన స్టిక్కరు తలుపు చట్రానికి అంటించాలి. మిగతా వివరాలు ప్రభుత్వ సైట్లో ఉన్నాయి, చదువుకో. నా బాధల్లా వేరే. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ‘అసలు మైలేజీ కాదు’ అని పడిందంటే అమ్మేటప్పుడు కొనేవాడు సగం ధర అడుగుతాడు.

నన్నడిగితే ఆ 60 డాలర్లలో 50 ఇంటికి పంపి, 10 పెట్టి డయల్ వెనక కొత్త బల్బులు వేసుకో. 2004 బండికి వెలుతురు తగ్గేది చాలాసార్లు అవి మాడిపోయే. అయినా ముల్లు పీకే తీరతానంటే చెంచాలు మాత్రం కొనకు, వంటగదిలోవే తీసుకో.