సీరీ సి ఆటగాడి కెరీర్ లెక్క ఎందుకు కలవట్లేదంటే

ఇటలీ ఫుట్‌బాల్‌లో మూడో అంచె లీగ్ అయిన సీరీ సిలో ఆడిన ఒకరి రికార్డులో లీగ్ పేర్లు మారుతున్నాయని, మధ్యలో ఒక సీజన్ లేదని, మొత్తం మ్యాచ్‌ల లెక్క కలవట్లేదని అడిగారు. చాలావరకు మారింది ఆటగాడి డివిజన్ కాదు, లీగ్ పేరే. 2007లో సీరీ సి2, 2010లో లెగా ప్రో సెకొండా డివిజియోనె, 2015లో లెగా ప్రో, 2018లో సీరీ సి అని చూసి, పైకెళ్లాడా కిందికొచ్చాడా అని మీరు తికమకపడుతున్నది అందుకే.

1. 2008లో మూడో అంచె అయిన సి1కి ప్రీమా డివిజియోనె, నాలుగో అంచె అయిన సి2కి సెకొండా డివిజియోనె అని పేర్లు పెట్టారు. స్థాయి అదే.

2. 2014లో ఆ రెండింటినీ కలిపేసి ఒకే లెగా ప్రో చేశారు. అంటే నాలుగో అంచెలో ఆడేవాడు ప్రమోషన్ లేకుండానే మూడో అంచెకి వచ్చి ఉండొచ్చు. 2017లో పాత పేరు సీరీ సి తిరిగొచ్చింది.

3. మధ్యలో ఒక సీజన్ మాయమైందన్నారు కదా, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. ముందు క్లబ్ చరిత్ర చూడండి. ఇటలీలో కింది డివిజన్ల క్లబ్బులు దివాలా తీయడం మామూలే. కొత్త కంపెనీగా చాలాసార్లు సీరీ సి కింద ఉండే సీరీ డి నుంచి మొదలుపెడతాయి. సీరీ డి అమెచ్యూర్ లీగ్, కాబట్టి ప్రొఫెషనల్ రికార్డుల్లో ఎంత వెతికినా దొరకదు.

పెద్ద క్లబ్బులకూ ఇది తప్పలేదు. 2015లో పార్మా దివాలా తీసినా కెప్టెన్ అలెస్సాండ్రో లుకరెల్లి వదిలిపోలేదు. సీరీ డి, లెగా ప్రో, సీరీ బి వరుసగా దాటి, 2018లో జట్టు అన్నిటికంటే పై లీగ్ సీరీ ఎకి చేరాకే రిటైరయ్యాడు. ఎంత గొప్ప విధేయత! ఆయన 2015-16 సీజన్ కావాలంటే సీరీ డి పట్టికలోనే చూడాలి.

4. ప్లేఆఫ్, కప్పు మ్యాచ్‌లను లీగ్ మ్యాచ్‌లతో కలపకండి. మొత్తంలో మిగిలిన తేడా సాధారణంగా అక్కడే ఉంటుంది.