లంపాంగ్‌లో టీచర్ ఉద్యోగం: జీతం పది నెలలు, ఖర్చు పన్నెండు నెలలు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హన్మకొండలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. జీతం 42 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 18 వేలు, ఇంటి ఖర్చు పోను నెలకు 9 వేలు మిగులుతుంది. ఎఫ్‌డీ 3 లక్షలుంది. అమ్మకు పింఛను వస్తుంది. డిసెంబరులో ఉత్తర థాయిలాండ్‌లోని లంపాంగ్‌లో పది రోజులుండి వచ్చాను. ఊరు తెగ నచ్చింది. అక్కడి స్కూలు ఒకటి నెలకు 28 వేల బాట్లు, అంటే 75 వేల రూపాయల పైనే ఇస్తామంటోంది. పది నెలల కాంట్రాక్టు. రాజీనామా చేసేయనా?

జవాబు: ఇప్పుడే చేయకండి. ఊరు నచ్చిందంటే నచ్చదూ మరి! ఇంకా గుర్రపు బండ్లు తిరుగుతుంటాయి, వాంగ్ నది ఒడ్డున వారాంతపు సంత, కోడిపుంజు బొమ్మ గిన్నెలో వేడివేడి నూడుల్స్. అయితే మీరు చూసింది డిసెంబరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అడవులు, పొలాలు తగలబడే పొగ ఆ ప్రాంతమంతా కమ్ముకుంటుంది. ఎయిర్ ప్యూరిఫయర్ కూడా ఖర్చుల్లో రాసుకోండి.

ఇక లెక్క. 28 వేలను పదితోనే హెచ్చవేయాలి. మొత్తం 2,80,000 బాట్లు. మీ లెక్కలాగే బాటుకు 2.70 రూపాయలనుకుంటే 7.56 లక్షలు. అద్దె 5 వేలు, తిండి 7 వేలు, స్కూటీ 2,500, కరెంటు, నీళ్లు, ఫోను కలిపి 1,500. పొదుపుగా ఉన్నా నెలకు 16 వేల బాట్లు, ఏడాదికి 5.18 లక్షల రూపాయలు. ఈఎంఐలకు 2.16 లక్షలు. ఏడాదంతా కష్టపడితే చేతిలో మిగిలేది 21,600. విమానం టికెట్టుకే సరి! ఇక్కడ మీరు 1.08 లక్షలు వెనకేస్తున్నారు. సెలవుల్లో అమ్మ దగ్గరికి వచ్చేస్తే తిండి ఖర్చు తగ్గుతుంది కానీ అద్దె ఆగదు.

అదే జీతం 12 నెలలూ ఇస్తే 1.73 లక్షలు మిగులుతుంది. అందుకే జీతం పెంచమని బేరమాడకండి, ఆ రెండు నెలలు అడగండి.

పన్ను గురించి టెన్షన్ వద్దు. పది నెలల జీతానికైతే అక్కడి మినహాయింపులు పోను పన్ను పడే స్థాయికే చేరరు. మే నెలలో బడి తెరిచేసరికి చేరితే ఆ ఆర్థిక సంవత్సరానికి ఇక్కడ ఎన్నారై అవుతారు. నవంబరు టర్ములో చేరితే మాత్రం ఆ ఏడాది ఇండియాలో ఉన్న రోజులు అప్పటికే 182 దాటిపోతాయి కాబట్టి పన్ను లెక్కలో ఇక్కడి రెసిడెంటే. అప్పుడు థాయ్ జీతాన్నీ, అక్కడి బ్యాంకు ఖాతానూ మన రిటర్నులో చూపాలి. ఈఎంఐ కట్టే సేవింగ్స్ ఖాతాను వెళ్లాక, ఎన్నారైల కోసం ఉండే రూపాయి ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోండి.

"ముందు టూరిస్టుగా వచ్చేయండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు. వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెప్పడం అక్కడ నేరం. ఉద్యోగానికి ఇచ్చే నాన్ ఇమిగ్రెంట్ బి వీసాకు కావాల్సిన పత్రాలు స్కూలు పంపాకే కదలండి. గదికి సాధారణంగా రెండు నెలల అడ్వాన్సు అడుగుతారు, మొదటి జీతం నెలాఖరుకు గానీ రాదు. ఎఫ్‌డీలోంచి 1.3 లక్షలు దానికి పక్కన పెట్టి, మిగతాది ముట్టుకోకండి.

స్కూలు 12 నెలలకు ఒప్పుకోకపోతే వచ్చే సెలవుల్లో మళ్లీ ఓ పది రోజులు వెళ్లిరండి. ఈసారి మార్చిలో.