ఫంక్షన్లు గుర్తుండకపోతే సాఫ్ట్‌వేర్‌కు పనికిరానట్టేనా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. కాలేజీ ల్యాబ్ పరీక్షలో నెట్ ఉండదు. లాజిక్ తెలిసినా, పైథాన్ భాషలో ఏ ఫంక్షన్‌కు (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కకు) ఏమివ్వాలో గుర్తురాక చేతులు ఆడటం లేదు. అమీర్‌పేటలో మళ్లీ కోర్సులో చేరమంటున్నారు నాన్న. సాఫ్ట్‌వేర్ నాకు పనికిరాదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ఫీజు డబ్బులు ప్రస్తుతానికి దాచుకోమని నాన్నగారికి చెప్పండి. లాజిక్ వచ్చినవాళ్లకు మళ్లీ మొదటి నుంచి కోర్సు దండగ. ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్లకూ అన్ని ఫంక్షన్లూ నోటికి రావు. మీకు లేనిదల్లా ఫంక్షన్ల వివరాలు నెట్ లేకుండా, కోడ్ రాసే చోటే చూసుకునే అలవాటు.

నా దగ్గరికి వచ్చే విద్యార్థులు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. మార్కుల లిస్టును సార్ట్ చేసి (వరుసలో పెట్టి), వచ్చినదాన్ని మళ్లీ అదే పేరులో పెడతారు. ప్రింట్ చేస్తే మార్కులు మాయమై ‘నన్’ (None, అంటే ఏమీ లేదు) అని వస్తుంది. వెంటనే గూగుల్‌కు పరుగు! పైథాన్ ప్రాంప్ట్ (>>> గుర్తు) దగ్గర హెల్ప్ అని రాసి, బ్రాకెట్లలో లిస్ట్ డాట్ సార్ట్ అని ఇచ్చి, అంటే help(list.sort) అని కొట్టి చూడండి. ఈ ఫంక్షన్ లిస్టును అక్కడికక్కడే సర్దుతుంది, తిరిగి ఇచ్చేది నన్ మాత్రమే అని మొదట్లోనే రాసి ఉంటుంది. దీనికి నెట్ అక్కర్లేదు, ఈ సమాచారం పైథాన్‌తో పాటే మీ కంప్యూటర్‌లోకి వచ్చింది. చదవడం అయ్యాక బయటికి రావాలంటే క్యూ నొక్కాలి. అది తెలియక విండోనే మూసేసేవాళ్లను చూశాను.

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ (అదనంగా చేర్చుకునే భాగం) ఉంటే ఇంకా తేలిక. ఫంక్షన్ పేరు మీద మౌస్ ఉంచితే వివరణ కనిపిస్తుంది. బ్రాకెట్లలో ఉండగా కంట్రోల్, షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే ఏమేం ఇవ్వాలో చూపిస్తుంది. ఎఫ్12 నొక్కితే ఆ ఫంక్షన్ రాసిన చోటికే వెళ్తారు. అయితే సార్ట్ మీద ఎఫ్12 నొక్కితే లోపల మూడు చుక్కలే ఉంటాయి. కంగారుపడకండి, దాని అసలు కోడ్ సీ భాషలో ఉంది.

ల్యాబ్‌లో లైనక్స్, అందులో విమ్ అనే ఎడిటర్ ఉంటే ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి షిఫ్ట్‌తో కే నొక్కండి, దాని వివరణ పేజీ వస్తుంది. సీ ప్రోగ్రామ్‌లో ప్రింట్‌ఎఫ్ మీద అలా నొక్కితే అదే పేరున్న షెల్ కమాండ్ (టెర్మినల్‌లో టైప్ చేసే ఆదేశం) పేజీ రావచ్చు. ముందు 3 నొక్కి, తర్వాత షిఫ్ట్‌తో కే నొక్కితే మీకు కావలసిన సీ ఫంక్షన్ పేజీ వస్తుంది.

పరీక్షలో హెల్ప్ వాడనిస్తారో లేదో ల్యాబ్ మేడమ్‌ను ముందే అడగండి. ఒప్పుకోకపోయినా, రోజూ ఇలా చూసుకుంటూ రాస్తే తరచూ వాడేవి వాటంతటవే గుర్తుండిపోతాయి.

ఈ వారం మీ మినీ ప్రాజెక్టు తెరిచి, ప్రతి ఫంక్షన్ మొదట్లో మూడేసి కోట్స్ మధ్య (కొటేషన్ గుర్తులు, కోట్ల రూపాయలు కాదు లెండి) అది ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో రెండు ముక్కలు రాయండి. తర్వాత ఆ పేరు మీద మౌస్ ఉంచి చూడండి, మీరు రాసిందే కనిపిస్తుంది.