నాన్నకు పక్షవాతం వచ్చింది, ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు. ఇప్పుడే చెప్పాలా?

ప్రశ్న: మాది రాయగడ. గుణుపురంలో బీటెక్ చేశాను. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మూడు రౌండ్లూ అయ్యాయి. సెలెక్ట్ అయ్యానని, వారంలో లెటర్ పంపుతామని హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్‌లో చెప్పారు. వెంటనే చేరతానని ఇంటర్వ్యూలో అన్నాను. ఈలోగా నాన్నకు పక్షవాతం వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకొచ్చాం. కుడి చెయ్యి, కాలు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. అమ్మ ఒక్కర్తే చూసుకోలేదు, తమ్ముడు ఇంటర్. లెటర్ చేతికొచ్చేదాకా నోరు మెదపొద్దని చిన్నాన్న అంటున్నారు. కంపెనీకి పంపాలనుకుంటున్న మెయిల్ జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ చిన్నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. ఇంట్లో జరిగేవన్నీ కంపెనీకి చెప్పుకోవాలని ఎక్కడా లేదు. నీకు పెళ్లి కుదిరిందనుకో, చెప్పక్కర్లేదు. కానీ వెంటనే చేరతానన్నది నువ్వు వాళ్లకిచ్చిన మాట. దాన్ని నమ్మే నీ పేరు బ్యాచ్‌లో వేస్తారు. ఆ మాట ఇప్పుడు నిలబడేలా లేదు కాబట్టి చెప్పాల్సిందే. ఆఖరి సెమిస్టర్‌లో సబ్జెక్టు పోయినవాళ్లకూ నేను చెప్పేది ఇదే.

ఎప్పుడంటావా? ఇప్పుడే. నిన్ను తీసుకోవాలని వాళ్లు తేల్చుకున్నారు, కాగితం మీద తేదీ ఇంకా పడలేదు. ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. ఫలానా తేదీకి చేరకపోతే ఆఫర్ రద్దయినట్టేనని చాలా లెటర్లలో ఒక వాక్యం ఉంటుంది. సంతకం పెట్టేసి మర్నాడు గడువు అడిగితే, "ఈ సంగతి నిన్న తెలియదా?" అంటారు. తెలుసు కదా మరి!

ముందు చేరిపోయి తర్వాత చూసుకుందాం అనే ఆలోచన కూడా ఇంట్లో ఎవరో ఒకరు తెస్తారు. దానికి మాత్రం అస్సలు ఒప్పుకోకు. బరంపురం కుర్రాడొకడు తల్లికి ఆపరేషన్ ఉందని తెలిసీ అలాగే చేరాడు. మూడో వారంలో తిరిగొచ్చేశాడు. హాస్టల్ అడ్వాన్సు పోయింది, మధ్యలో మానేస్తే కడతానని రాసిచ్చిన ట్రైనింగ్ బాండు డబ్బు కట్టమని మెయిళ్లు మొదలయ్యాయి. పీఎఫ్ ఖాతాలో చేరిన తేదీ, మానేసిన తేదీ పక్కపక్కనే పడ్డాయి. తర్వాత ఏ కంపెనీ వెరిఫికేషన్‌కి వెళ్లినా ఆ మూడు వారాల గురించి అడుగుతూనే ఉన్నారు.

హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. పొద్దున్న నాన్నను లేపి కూర్చోబెట్టేదెవరు, వ్యాయామాలు చేయించేదెవరు, విశాఖ చెకప్‌కి తీసుకెళ్లేదెవరు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. పక్షవాతంలో మెరుగు ఎక్కువగా కనిపించేది మొదటి మూడు నెలల్లోనే అంటారు. మీ నాన్నగారి విషయంలో ఎన్నాళ్లు మనిషి తోడు కావాలో డాక్టర్‌ని అడుగు. నీకు కావాల్సింది ఒక అంకె. "కొన్నాళ్లు టైమివ్వండి" అంటే హెచ్‌ఆర్ ఏం చేయగలరు? ఫ్రెషర్లను ఎక్కువగా బ్యాచ్‌లుగానే చేర్చుకుంటారు కాబట్టి, ఎనిమిది వారాలో పదో అనుకున్నాక, "తర్వాతి బ్యాచ్ ఎప్పుడు, అందులో వేస్తారా?" అని అడుగు. అది వాళ్లకు సులువు.

వాళ్లకి విశాఖలో ఆఫీసు ఉంటే అదీ ఒక దారే. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రైలుంది, సెలవు రోజున ఇంటికొచ్చి పోవచ్చు. కానీ రెండూ ఒకేసారి అడగకు. ముందు గడువు అడుగు, విశాఖ మాట జేబులో ఉంచుకో.

ఇక నీ మెయిల్. పేజీన్నర ఉంది, పైగా డిశ్చార్జ్ కాగితాలు, స్కాన్ రిపోర్టు కూడా పెట్టావు. అవి తీసెయ్. నాన్నగారి రిపోర్టులతో వాళ్లకి పనిలేదు, అడిగితే అప్పుడు చూద్దాం. నీ ఇంగ్లీషు బాగాలేదని మూడుచోట్ల క్షమాపణ అడిగావు, అదీ తీసెయ్. ముందు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడు, అదే రోజు మెయిల్ పెట్టు. అందులో ఇంతే ఉండాలి:

"మేడమ్, ఇంటర్వ్యూలో వెంటనే చేరతానని చెప్పాను. ఆ తర్వాత మా నాన్నగారికి అనారోగ్యం వచ్చి, ఎనిమిది వారాలు నేను ఇంటి దగ్గర ఉండాల్సి వస్తోంది. ఈ ఉద్యోగం చేయాలనే ఉంది. తర్వాతి బ్యాచ్‌లో చేరే వీలుందేమో దయచేసి తెలియజేయండి. లెటర్ తయారుకాకముందే చెప్పడం మంచిదని రాస్తున్నాను."

ఏ తేదీకి చేరగలనంటావో దానికి కట్టుబడాలి. అందుకే వారం ఎక్కువే అడుగు.

కుదరదంటారా? అనొచ్చు. అలాంటప్పుడు మళ్లీ ఎప్పుడు అప్లై చేయవచ్చో అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తెప్పించుకో. బాధగానే ఉంటుంది, కాదనను. కానీ హైదరాబాద్‌లో గదికి అడ్వాన్సు కట్టాక వినడం కంటే రాయగడలో మీ ఇంట్లో కూర్చుని వినడం నయం.

చిన్నాన్నగారు కోప్పడితే నా పేరు చెప్పు. ఆయనతో నేను మాట్లాడతాను.