డఫరిన్ ప్రభువు మీద పుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ రాతప్రతి ఆసాంతం చదివాను. భాష బాగుంది, పడ్డ శ్రమ కనిపిస్తోంది. డఫరిన్ మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. 1872లో కెనడా గవర్నర్ జనరల్, తర్వాత రాయబారిగా సెయింట్ పీటర్స్‌బర్గ్, కాన్‌స్టాంటినోపుల్, మధ్యలో ఈజిప్టు, 1884 డిసెంబరులో భారత వైస్రాయ్‌గా కలకత్తా, ఆపైన రోమ్, పారిస్. బదిలీ ఉత్తర్వులన్నీ కలిపి కుట్టిన సర్వీసు రిజిస్టరులా ఉంది. ఆ రిజిస్టరు ఆయన తరఫువాళ్ళు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. ఆయన పోయిన మూడేళ్ళకే వచ్చిన అధికారిక జీవితచరిత్ర రాసింది ఎవరనుకున్నావు? భారతదేశంలో ఆయన కింద పనిచేసిన ఒక పెద్ద ఆఫీసరు. మాటకారి, హాస్యప్రియుడు, ఎవరినైనా మెప్పించగలిగినవాడు అని అందులో ఉన్నదే నువ్వూ మూడుసార్లు రాశావు. ఆయన మెప్పించినవాళ్ళ జాబితాలో నువ్వు కూడా చేరడం నాకు నచ్చలేదు.

నా సలహా ఒక్కటే. అప్పు దగ్గర మొదలుపెట్టు. ఈ మనిషి ఎక్కడికి వెళ్ళాడన్నది పక్కన పెట్టి, ఆ ఖర్చు ఎవరు భరించారని ప్రతి అధ్యాయంలోనూ అడుగు. అలా అడిగితే కుటుంబం దానంతటదే కథలోకి వస్తుంది. ఇప్పుడు నీ పుస్తకంలో కుటుంబమంతా చివరి అధ్యాయంలో ఫోటోకి నిలబడినట్టు నిలబడింది.

డఫరిన్ పుట్టిన బ్లాక్‌వుడ్‌ల వంశం స్కాట్లండ్ నుంచి ఉత్తర ఐర్లండుకు వచ్చి కౌంటీ డౌన్‌లో భూములు సంపాదించుకుంది. వాళ్ళకు ప్రభువుల హోదా ఎలా వచ్చిందో నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. బ్రిటన్‌తో విలీనం కోసం ఐరిష్ పార్లమెంటు తనను తాను రద్దు చేసుకుంటున్న రోజులవి. దానికి వ్యతిరేకంగా ఓటెయ్యడానికి డబ్లిన్ బయల్దేరబోతూ, బూట్లు తొడుక్కుంటుండగానే 1799లో సర్ జాన్ బ్లాక్‌వుడ్ చనిపోయాడని కుటుంబంలో చెప్పుకుంటారు. కొడుకు జేమ్స్ విలీనానికి అనుకూలంగా ఓటేశాడు. 1800లో జాన్ భార్య డోర్కాస్‌కు బారోనెస్ డఫరిన్ బిరుదు వచ్చింది. బూట్ల కథను కుటుంబం చెప్పుకునే కథగానే రాయి, ఓటునూ బిరుదునూ పక్కపక్కన పెట్టు. మధ్యలో నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక తల్లి. హెలెన్ షెరిడన్‌ను నువ్వు 'గొప్ప కళాకారుల కుటుంబం' అని మెచ్చుకుని వదిలేశావు. నాటకకర్త షెరిడన్‌కు మనవరాలు, పాటలు రాసింది, చక్కని మనిషి, అంతా నిజమే. కానీ పెళ్ళినాటికి ఆమె చేతిలో పైసా లేదు. ప్రైస్ బ్లాక్‌వుడ్ ఆమెను చేసుకోవడం అతని ఇంట్లోవాళ్ళకు నచ్చలేదు. 1825లో పెళ్ళయింది, ఇద్దరూ ఇటలీ వెళ్ళారు. మరుసటి ఏడు జూన్‌లో ఫ్లారెన్సులో ఫ్రెడరిక్, అంటే మన డఫరిన్, పుట్టాడు. షెరిడన్‌ల ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, మర్చిపోయావు. హెలెన్ చెల్లెలు కరొలైన్ నార్టన్. భర్త పిల్లల్ని లాక్కుంటే ఊరుకోకుండా కరపత్రాలు రాసి పోరాడింది. తల్లులకు చిన్నపిల్లల మీద కొంత హక్కునిచ్చిన 1839 చట్టం వెనక ఆమె కలం ఉంది. డఫరిన్ పిన్ని ఆమె. బిరుదున్న మగవాళ్ళకంటే ఈ అక్కచెల్లెళ్ళ దగ్గరే నీకు ఎక్కువ సరుకు దొరుకుతుంది.

1841లో లివర్‌పూల్ నుంచి బెల్‌ఫాస్టు వెళ్ళే స్టీమరులో మార్ఫిన్ మోతాదు మించి తండ్రి చనిపోయాడు. పదిహేనేళ్ళకే కొడుకు ప్రభువయ్యాడు. క్లాండిబాయ్ ఎస్టేటుతో పాటు దాని మీద ఉన్న బాకీలూ ఆయనకు వచ్చాయి. వాటిని తీర్చాల్సింది పోయి పెంచుకున్నాడు. ఇంటికి మార్పులు, తోటలు, సరస్సు, కొండ మీద తల్లి పేరుతో 1861లో పూర్తయిన గోపురం. టెన్నిసన్ ఆ గోపురం కోసం పద్యం రాశాడని నువ్వు మురిసిపోయావు. మురిసిపో, తప్పులేదు. అదే పేరాలో, 1870ల నాటికి అప్పులు దాదాపు 3 లక్షల పౌండ్లకు చేరాయనీ, భూముల్లో చాలాభాగం అమ్ముకోవాల్సి వచ్చిందనీ కూడా రాయి. లినెన్ మిల్లులతో డబ్బు చేసుకున్న బెల్‌ఫాస్టు వ్యాపారి దగ్గర పాత వంశపు ప్రభువు అప్పుపడ్డాడు. ఆ కాలపు ఐర్లండు అంతా ఆ ఒక్క లావాదేవీలో ఉంది.

ఇప్పుడు ఆ పదవులన్నీ వేరేగా కనిపిస్తాయి. కెనడా గవర్నర్ జనరల్ జీతం ఏడాదికి 10,000 పౌండ్లు. భారత వైస్రాయ్‌ది రెండున్నర లక్షల రూపాయలకు పైమాటే. దేశసేవ అని ఆయన అన్నాడు, నువ్వూ అన్నావు. జీతం కూడా అవసరమైంది అను, చాలు. దొంగ అనక్కర్లేదు. జీతానికి పనిచెయ్యడం తప్పు కాదు, మనలో చాలామంది చేసిందదే.

నీ రాతప్రతిలో నాకు బాగా నచ్చింది 1847 ఘట్టం. ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న కుర్రాడు ఐర్లండు కరువు చూడటానికి స్నేహితుడితో కలిసి స్కిబ్బరీన్ దాకా వెళ్ళి, చూసింది రాసి అచ్చువేయించాడు. అంత చూసినవాడు 1881 నాటి ఐరిష్ భూచట్టాన్ని, కౌలుదార్లకు హక్కులిచ్చే చట్టాన్ని, ఎందుకు వ్యతిరేకించాడని అడిగి, 'హృదయం బండబారింది' అని నువ్వే జవాబు చెప్పుకున్నావు. అంత సులువు కాదమ్మా. 1885లో బెంగాల్ కౌలు చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. బిల్లు ముందటి వైస్రాయ్ రిప్పన్ కాలంలో మొదలైంది, నిజమే, దాన్ని చట్టం చేసింది ఈయన ప్రభుత్వం. తన కౌలుదారుకు ఇవ్వనన్నదాన్ని బెంగాల్ రైతుకు కొంతైనా ఇచ్చాడు. ఈ రెంటినీ కలిపి ఒక సూత్రం తయారుచెయ్యకు. మనిషిలో అతకనివి అతకకుండానే ఉండనీ.

1886 అధ్యాయం మాత్రం మొత్తం తిరగరాయాలి. పుస్తకానికి గుండెకాయ అదే. నువ్వు సిమ్లాలో కట్టిన కొత్త భవనం, అందులో కరెంటు దీపాలు, విందులతో పేజీలు నింపేశావు. వరస ఇలా పెట్టి చూడు. 1885లో అఫ్ఘన్ సరిహద్దున పంజ్‌దే దగ్గర రష్యాతో యుద్ధం వస్తుందన్న భయం, సైన్యం ఖర్చు పెరగడం. అదే ఏడు నవంబరులో బర్మా మీదికి దండయాత్ర. టేకు కలప కంపెనీకి థీబా రాజు ప్రభుత్వం వేసిన జరిమానా ఒక సాకు, ఫ్రెంచివాళ్ళు వస్తారన్న అనుమానం మరొకటి. నెల తిరక్కుండా మాండలే పడింది. థీబాను ముందు మద్రాసుకు, అక్కణ్ణించి రత్నగిరికి పంపారు. 1886 జనవరి 1న ఎగువ బర్మాను కలిపేసుకున్నట్టు ప్రకటించారు. ఆ ఏడే ఆదాయపు పన్ను చట్టం: ఏడాదికి 500 రూపాయలు, ఆపైన సంపాదించేవాళ్ళందరి మీదా పన్ను. 1888లో ఉప్పు పన్ను పావు వంతు పెరిగింది. అదే ఏడు ఆయన 'డఫరిన్ అండ్ ఆవా' మార్క్విస్ అయ్యాడు. ఆవా బర్మా రాజుల పాత రాజధాని. బిరుదు ఆయనది, బిల్లు ఇక్కడివాళ్ళది.

చిన్న హెచ్చరిక. ఆ పన్ను వ్యవసాయ ఆదాయాన్ని వదిలేసింది కదా అని, 'ఐరిష్ జమీందారు ఇక్కడి జమీందార్లను కాపాడాడు' అని రాశావు. వాక్యం బాగుంది, నిలవదు. భూమి మీద అప్పటికే శిస్తు ఉందన్నది దాని వెనకున్న కారణం. బాగున్న వాక్యాల్ని రెండుసార్లు తనిఖీ చేసుకో.

ఇక్కడే మనవాళ్ళు కథలోకి వస్తారు, బలవంతాన లాక్కురానక్కర్లేదు. 1885 డిసెంబరులో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు సభలో బర్మా ఆక్రమణ వద్దని, కలుపుకోక తప్పకపోతే దాన్ని భారతదేశం నుంచి వేరుగా ఉంచమని తీర్మానం చేశారు. ఖర్చు తమ నెత్తిన పడుతుందని వాళ్ళకు తెలుసు. ఆ సభలో మన పనప్పాకం ఆనందాచార్యులు ఉన్నారు. కాంగ్రెసు పెట్టమన్నది డఫరినే అన్న పాత కథను మాత్రం తీసెయ్. ఆయన ప్రైవేటు ఉత్తరాలు చూశాక చరిత్రకారులు దాన్ని పక్కన పెట్టారు. మూడేళ్ళు తిరక్కుండా, 1888 నవంబరులో కలకత్తా విందులో, కాంగ్రెసువాళ్ళను భూతద్దంలో పెట్టి చూడాల్సినంత కొద్దిమంది అని ఎద్దేవా చేసింది ఈయనే.

మీ ముత్తాత కోరంగి రేవు నుంచి రంగం (రంగూన్) వెళ్ళిన కథకు నువ్వు ఇరవై పేజీలు ఇచ్చావు. ఉంచు, కానీ డఫరిన్ పంపినట్టు రాయకు. రంగూన్ 1852 నుంచే ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. బియ్యం మిల్లులూ రేవు పనీ గోదావరి, విశాఖ జిల్లాల కూలీల్ని ముందునుంచే లాగుతున్నాయి. ఎగువ బర్మా చేతికొచ్చాక ఆ దేశమంతా ఒకే పాలనలోకి వచ్చింది, అంతవరకే ఈయన పాత్ర. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల దాకా వెళ్ళాలనుంటే అది ఇంకో పుస్తకం. నువ్వే రాయాలి, దీని తర్వాత.

ఇక డఫరిన్ భార్య హారియట్ గురించి. కిలీలీ కోట అమ్మాయి, 1862 అక్టోబరులో పెళ్ళి. దానికి పది రోజుల ముందే హెలెన్, చావుబతుకుల్లో ఉన్న గిఫర్డ్ ప్రభువును చేసుకుంది. ఈ రెండు పెళ్ళిళ్ళూ ఒక్క అధ్యాయంలో రావాలి. ఇది నువ్వెలా వదిలేశావో నాకు అర్థం కాలేదు! విక్టోరియా రాణి అడిగిందని 1885లో హారియట్ ఆడవాళ్ళ వైద్యానికి నిధి పెట్టింది. మనవాళ్ళు డఫరిన్ ఆసుపత్రి అనేది అందులోంచి వచ్చినవాటినే. ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు, నర్సులు, మంత్రసానులకు శిక్షణ అంటే చిన్న విషయం కాదు. ఇక్కడా డబ్బు సంగతి అడుగు. సంస్థానాధీశులు చందాలు ఇచ్చారు. వైస్రాయ్ భార్య అడిగితే కాదనగలిగిన రాజు ఎవరు? రెండూ నిజమే, రెండూ రాయి. నా మట్టుకు నాకు, ఆ కుటుంబం ఇక్కడ చేసినవాటిలో జనానికి పనికొచ్చింది ఆమె పనే అనిపిస్తుంది.

చివరి ఏళ్ళు నువ్వు తొందరగా ముగించావు, అవే నెమ్మదిగా చెప్పాల్సినవి. ఉద్యోగం అయిపోయాక కూడా డబ్బు బెంగ తీరలేదు. 1897లో విటేకర్ రైట్ అనే గనుల వ్యాపారి తన లండన్ అండ్ గ్లోబ్ కంపెనీకి ఈయన్ని ఛైర్మన్‌గా పెట్టుకున్నాడు. లెక్కలు చదవడం రాని పెద్దమనిషి పేరు చూసి జనం వాటాలు కొన్నారు. 1900 జనవరిలో పెద్దకొడుకు ఆర్చీ దక్షిణాఫ్రికాలో, లేడీస్మిత్ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. డిసెంబరులో కంపెనీ కూలింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి వాటాదార్ల ఎదుట నిలబడి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. పారిపోలేదు, అది ఆయన పద్దులో జమ చెయ్యి. తన డబ్బూ అందులో పోయింది. 1902 ఫిబ్రవరిలో క్లాండిబాయ్‌లో పోయాడు. రైట్ 1904లో శిక్ష పడిన వెంటనే కోర్టు భవనంలోనే విషం మింగాడు. ఇక్కడ నీ కలం నాటకానికి ఎగబడుతుంది, పట్టి ఉంచు. తేదీలు చాలు.

1945లో మనవడు బేసిల్, నాలుగో మార్క్విస్, బర్మాలో ఆవాకు దగ్గర్లోనే యుద్ధంలో చనిపోవడం గురించి 'తాత పాపం' అని రాశావు. కొట్టెయ్. ముప్ఫై అయిదేళ్ళవాడు, చిన్న పిల్లలున్నవాడు, తాత బిరుదులో ఏ ఊరుందో చూసి బుల్లెట్ రాలేదు. ఊరి పేరు రాయి, చదివేవాళ్ళు వాళ్ళే చూసుకుంటారు. అతని కొడుకు 1988లో సంతానం లేకుండా పోవడంతో మార్క్విస్ బిరుదు అంతమైందని కూడా ఒక్క ముక్కలో చెప్పు.

ముందు 1886 అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు, మిగతావి ఇప్పుడే ముట్టుకోకు. పన్నుల తేదీలూ బర్మా తేదీలూ వేరే కాగితం మీద వరసగా రాసుకుని దాన్ని ఎదురుగా పెట్టుకుని రాయి. సంక్రాంతి లోపు వస్తే సెలవుల్లో చదువుతాను. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి పెట్టమ్మా, కళ్ళు మునుపట్లా లేవు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు