ఇంట్లో ఉన్న రోగిని దూరం నుంచి గమనిస్తే మళ్లీ అడ్మిట్ కావడం, ఖర్చు తగ్గుతాయా?

తగ్గొచ్చు, కానీ బరువు, బీపీ లాంటివి ఇంటి నుంచి పంపే పరికరం ఒక్కటే తగ్గించదు. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేని జబ్బు) సంగతే చూడండి. ఒంట్లో నీరు చేరితే తరచూ ఆయాసం కంటే ముందే బరువు పెరుగుతుంది. అప్పుడే డాక్టరు మందు మోతాదు మారిస్తే చాలాసార్లు అడ్మిషన్ తప్పుతుంది.

అమెరికాలో 1,653 మందితో చేసిన టెలీ-హెచ్ఎఫ్ అనే అధ్యయనం (2010)లో హార్ట్ ఫెయిల్యూర్ రోగులు రోజూ ఫోన్‌లో రికార్డు చేసిన ప్రశ్నలకు జవాబివ్వాలి. మామూలు వైద్యంతో పోలిస్తే అడ్మిషన్లు, మరణాల్లో తేడా రాలేదు. పోనుపోను చాలామంది ఫోన్ చేయడమే మానేశారు. జర్మనీలో టిమ్-హెచ్ఎఫ్2 అధ్యయనం (2018)లో డాక్టర్లు, నర్సులు 24 గంటలూ చూస్తూ వెంటనే స్పందించారు. అనుకోని గుండెజబ్బు అడ్మిషన్లు, మరణాల వల్ల పోయిన రోజులు ఇలా గమనించినవారిలో ఏడాదికి సగటున 17.8, మామూలు వైద్యంలో 24.2.

అయితే ఆ సిబ్బంది జీతాలూ ఖర్చే. అందుకే ఈమధ్యే డిశ్చార్జ్ అయి, మళ్లీ చేరే ముప్పు ఎక్కువున్నవారికి ఈ ఏర్పాటు పెడితేనే డబ్బు మిగిలే అవకాశం ఎక్కువ.